పొట్లంలో పండుగప్ప

(మా ఊరి గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం ఫోనులో రికార్డు చేసింది విని రాశాం. తడబాట్లు తీసేశాం, మాట మార్చలేదు.)

అందరికీ నమస్కారమండి. ముందు ఈ పొయ్యి అంటుకుంటుందో లేదో చూసుకుని, తర్వాత మీతో మాట్లాడతాను. అంటుకుంది. కాసేపు ఆపేస్తున్నా, గ్యాసు గ్రంథాలయం వాళ్లది.

నేను ముప్ఫై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పాను. ఆ ముప్ఫై ఏళ్లలో ఈ హాల్లోకి వచ్చి పాఠం చెప్పమని ఒక్కరూ పిలవలేదండి. చేప వండుతున్నాడట అని తెలిసింది, పిలిచారు. సంతోషమే. వెనకాల కుర్రాళ్లు కూడా ఉన్నారు, ఇంకా సంతోషం. రేపు ఉద్యోగాలకి హైదరాబాదో బెంగళూరో పోయి, గదిలో ముగ్గురు కలిసి ఉండి, రోజూ ఎగ్ ఫ్రైడ్ రైస్ తినేది మీరే కదా. ఈ మాటలు ముఖ్యంగా మీకోసమే.

అసలు నాకీ పని ఎలా అంటుకుందో చెప్తాను. మూడేళ్ల కిందట మా ఆవిడ వానలో అరుగు మీద జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. పిల్లలిద్దరూ ఊళ్లో లేరు. అప్పటిదాకా వంటింట్లో నాకు తెలిసిన దారి కాఫీ ఫిల్టరు వరకేనండి. మొదటి వారం అన్నం, పప్పు, పెరుగు. మళ్లీ అన్నం, పప్పు, పెరుగు. రెండో వారంలో ఆవిడ మంచం మీంచే అడిగింది, "ఏవండీ, ఇక ఈ ఇంట్లోకి చేప రాదా?" అని. కోనసీమలో పుట్టిన మనిషి రెండు వారాలు చేప తినకపోతే ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా?

సరే, పులుసు పెడదామని దిగాను. పులుసంటే ఎన్ని పనులో చూడండి. చింతపండు నానాలి, పిసకాలి. ఉల్లిపాయ ముద్ద నూనె తేలేదాకా వేగాలి. ముక్క పడ్డాక గరిటె పెట్టకూడదు, దాకని రెండు చేతుల్తో పట్టుకుని గుండ్రంగా కదపాలి. ఆ కదపడం ఉంది చూశారూ, అది చేతికి రావాలంటే పదేళ్లు పడుతుంది. నాకు పదేళ్లు లేవు. ముక్కలన్నీ పొడైపోయాయి. ఆ రోజు మేం తిన్నది చేపల పులుసు కాదు, చేప కలిపిన చారు.

అప్పుడు మా అబ్బాయి ఫోనులో అన్నాడు, "నాన్నా, పులుసు జోలికెళ్లకు. ముక్కలకి మసాలా పట్టించి, సిల్వర్ ఫాయిల్లో పొట్లం కట్టి, పెనం మీద పడెయ్" అని. పడేశాను. కుదిరింది. మొదటిసారే కుదిరింది! ఆ తర్వాత నాలుగైదుసార్లు చెడింది, అది వేరే సంగతి. అదీ చెప్తాను.

ఇదేదో కొత్త విద్య అనుకోకండి. అంబాజీపేట పొట్టిక్కలు తినలేదా మీరు? పనసాకుల్ని బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద పెడతారు. అదేమిటి? పొట్లమే కదా. మారేడుమిల్లి వైపు వెళ్తే వెదురు బొంగులో కోడి కూరి నిప్పుల మీద పెడతారు. అదీ అంతే. బెంగాలీలు ఆవపిండి పట్టించిన చేపని అరిటాకులో చుట్టి పాతూరి అంటారు. పార్శీలు కొత్తిమీర పచ్చడి పట్టించి పత్రాని మచ్చీ అంటారు. కేరళవాళ్లకి కరిమీన్ పొల్లిచ్చతు ఉంది. అందరూ ఆకుతో కట్టారు. మనకిప్పుడు ఆకు బదులు రేకు వచ్చింది, అంతే తేడా.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. ఇవాళ్టి నా మాటల్లో ఇది గుర్తుంటే చాలు. పులుసు కప్పిపుచ్చుతుందండి. పొట్లం కప్పిపుచ్చదు. చేప కాస్త వాడిపోయి ఉన్నా, చెరువు వాసన ఉన్నా, చింతపండూ మెంతిపిండీ కలిసి సర్దేస్తాయి. పొట్లంలో అలా కుదరదు. మూత బిగించాం కాబట్టి మంచి వాసనా బయటికి పోదు, చెడ్డ వాసనా బయటికి పోదు. చేపలో ఏముందో అదే మీ కంచంలోకి వస్తుంది. కాబట్టి ఈ వంటలో సగం పని పొయ్యి దగ్గర లేదు. బజార్లో ఉంది.

బజార్లో

కన్ను చూడండి. ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. లోపలికి పీక్కుపోయి తెల్లబారితే వదిలెయ్యండి. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కండి, సొట్ట తిరిగి లేవాలి. అమ్మే ఆవిడ తిడుతుంది, తిట్టనివ్వండి. ఇవి ఈ హాల్లో ఉన్న అక్కచెల్లెళ్లకి నేను చెప్పక్కర్లేదు. కుర్రాళ్లకి చెప్తున్నా.

ఇప్పుడు ఏ చేప? ఇక్కడ కొంచెం ఆగుతాను. మన చెరువుల నిండా ఉన్నవి బొచ్చె, శీలావతి. భీమవరం, ఆకివీడు వైపు నుంచి ఐసులో పెట్టి లారీలకెత్తి అస్సాం, బెంగాలు దాకా పంపిస్తున్నాం. మంచి చేపలే, కాదనను. కానీ వాటికి కండ మధ్యలో ఇంగ్లీషు వై అక్షరంలా చీలిన సన్నముళ్లు ఉంటాయి. వీపు వైపు, తోక వైపు ఎక్కువ. పులుసు అన్నంలో వేళ్లతో వెతుక్కుంటూ తింటాం, అలవాటే. పొట్లం తెరిచి కబుర్లు చెప్పుకుంటూ తినేటప్పుడు ఆ ముల్లు గొంతులో దిగిందా, ఇక కబుర్లు అయిపోయినట్టే. బొచ్చె తప్ప దొరకదూ అంటారా, పొట్ట ముక్క తీసుకోండి. అక్కడ పక్కటెముకలే, పెద్దవి, చేతికి దొరుకుతాయి.

నన్నడిగితే పొట్లానికి పండుగప్ప. ఇది ఉప్పునీళ్లలోనూ బతుకుతుంది, మంచినీళ్లలోనూ బతుకుతుంది. ఇంకో తమాషా, ఇది మగగా పెరిగి, పెద్దయ్యాక ఆడదవుతుంది. నవ్వకండి, నిజమే చెప్తున్నా. కండ తెల్లగా, పొరలుపొరలుగా విడిపోతుంది, సన్నముళ్ల బాధ లేదు. చందువా బావుంటుంది, వంజరం బావుంటుంది. డబ్బులు తక్కువుంటే తిలాపియా. తిలాపియా అంటే మొహం తిప్పేసుకుంటున్నారు మీరు, ఇక్కణ్ణుంచి కనిపిస్తోంది! పొట్లంలో దానంత తేలికైన చేప లేదు.

వాసన గురించి రెండు ముక్కలు, పాత అలవాటు కదా, వదల్లేను. నీచు వాసన వేరు, బురద వాసన వేరు. సముద్రపు చేప నిలవుంటే సూక్ష్మజీవుల వల్ల ట్రైమిథైల్ అమీన్ అనేది పుడుతుంది. అదే నీచు. అది క్షారం. నిమ్మరసం తగిలిందా, ఆమ్లంతో కలిసి లవణంగా మారిపోతుంది, గాల్లోకి లేవదు. చెరువు చేపలో బురద వాసన జియోస్మిన్ అనే పదార్థానిది. నీళ్లలో నాచు లాంటివి దాన్ని తయారుచేస్తాయి, చేప మొప్పల్లోంచి లోపలికి తీసుకుంటుంది. దాన్నీ పులుపే విరిచేస్తుంది. అందుకే చూడండి, మన అమ్మమ్మలు చెరువు చేప కనపడితే చింతపండు తియ్యడం. వాళ్లకి జియోస్మిన్ తెలీదు, అయినా లెక్క తప్పలేదు.

మరి పొట్లంలో ఏం చెయ్యాలి? ముక్కల్ని కల్లుప్పూ పసుపూ వేసి రుద్ది కడగండి. చెరువు చేపైతే నిమ్మరసం గానీ పుల్లమజ్జిగ గానీ పట్టించి పది నిమిషాలుంచి మళ్లీ కడిగెయ్యండి. పది నిమిషాలంటే పదే. రాత్రంతా నిమ్మరసంలో ఉంచితే బాగా ఊరుతుందనుకుంటారు. ఊరదండి. పులుపుకి కండ పొయ్యెక్కకుండానే తెల్లబడిపోతుంది, ఉడికాక సుద్దముక్కలా పొడిపొడి అవుతుంది. మాంసం లెక్క వేరు, చేప లెక్క వేరు. చేపకి మసాలా అరగంట పట్టిస్తే చాలు. అదీ ఫ్రిజ్‌లో. మన ఎండాకాలంలో గట్టు మీద వదిలేసి సీరియల్ చూసొస్తే, తర్వాత డాక్టర్ని చూడాల్సొస్తుంది.

మసాలా, మడత

ఇదిగో ఈ గిన్నె. పండుగప్ప, వేలు వెడల్పు మందం ముక్కలు. ఒక మనిషికి ఒక పొట్లం, పొట్లానికి నూట యాభై నుంచి రెండొందల గ్రాములు.

నేను నాలుగైదుసార్లు చెడగొట్టానన్నాను కదా. అందులో రెండుసార్లు తప్పు ఇక్కడే జరిగింది. వేపుడుకి పట్టించినట్టు పచ్చి అల్లంవెల్లుల్లి ముద్ద దట్టంగా పట్టించి కట్టేశాను. తెరిచి చూస్తే చేప ఉడికింది, వెల్లుల్లి మాత్రం పచ్చి కంపు. ఎందుకలా? పొట్లంలో నీటావిరి ఉంటుంది. నీళ్లున్నంతసేపూ వేడి వందడిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రగా వేగాలంటే అంతకి చాలా పైన ఉండాలి. అంటే పొట్లంలో ఏదీ వేగదండి. ఉడుకుతుంది. వేగాల్సినవన్నీ ముందే వేయించుకుని లోపలికి పంపాలి.

కాబట్టి మూకుట్లో రెండు చెంచాల నూనె, అందులో చెంచాడు అల్లంవెల్లుల్లి ముద్ద పచ్చివాసన పోయేదాకా వేయించి, పొయ్యి ఆపేసి, ఆ వేడిలోనే అరచెంచా కారం, చిటికెడు పసుపు, అరచెంచా ధనియాలపొడి, కాస్త జీలకర్రపొడి, అరచెంచా ఉప్పు. ఇది ఒక పొట్లానికి లెక్క. పూర్తిగా చల్లారనిచ్చి అప్పుడు ముక్కకి రాయాలి. వేడిగా రాస్తే అక్కడే ముక్క ఉడకడం మొదలుపెడుతుంది. ఉల్లిపాయ వేస్తే కాగితమంత పల్చగా తరగండి, లేదా అదీ వేయించే వెయ్యండి. కరివేపాకు, చీల్చిన పచ్చిమిరపకాయ. కొబ్బరికోరు వేస్తానంటే వెయ్యండి, కోనసీమలో ఉండి కొబ్బరి వద్దని నేనెందుకంటాను?

నీళ్లెంత పొయ్యాలి అని అడుగుతున్నారు ఇక్కడ పెద్దమ్మగారు. ఒక్క చుక్క కూడా వద్దండి. చేపలోనే ఉంది నీరు. ఉప్పు తగిలితే ఇంకా బయటికొస్తుంది. ఆ నీరే ఆవిరవుతుంది, ఆ ఆవిరే ఉడికిస్తుంది, చివరికి అదే రసంగా అడుగున మిగులుతుంది.

ఇప్పుడు రేకు. డబ్బా మీద రేకు మందం మైక్రాన్లలో రాసుంటుంది, చూసి కొనండి. పదకొండు మైక్రాన్లది చపాతీలు చుట్టడానికి సరిపోతుంది, చేపకి చిరుగుతుంది, రెండు పొరలు వెయ్యాలి. పద్దెనిమిదైతే ఒక పొర చాలు. మెరిసే వైపు లోపలికా బయటికా అని పెద్ద చర్చ మా ఇంట్లో. ఏ వైపైనా ఒకటే. ఫ్యాక్టరీలో ఆఖరిసారి రోలర్ల మధ్య రెండు రేకులు కలిపి నొక్కుతారు. రోలరుకి తగిలిన వైపు మెరుస్తుంది, రేకుకి రేకు తగిలిన వైపు మెరవదు. అంతకుమించి అందులో రహస్యమేం లేదు.

రేకు మీద అరిటాకు ముక్క. ఇది నా పద్ధతి, కారణం ఉంది, పొట్లాలు పొయ్యెక్కించాక చెప్తాను. ఆకు నడిమి ఈనె తీసేసి, మంట మీద అలా అలా చూపించి వాడ్చాలి. ఇదిగో, రంగు మారింది, మెత్తబడింది, ఇక చిరగదు. దాని మీద ముక్కలు పక్కపక్కనే, ఒకదాని మీద ఒకటి కాదు. పైన ఆకు మడత. తర్వాత రేకు రెండంచులూ ఎత్తి కలిపి, జాకెట్టు అంచు కుట్టేముందు మడుస్తారు చూశారా, అలా రెండు మడతలు. అటూ ఇటూ చివర్లు కూడా రెండేసి మడతలు. బిగించకండి. పైన రెండు వేళ్ల ఖాళీ వదలండి, ఆవిరికి చోటుండాలి.

అదిగో నాలుగు పొట్లాలు. దోసెల పెనం, మధ్యస్తంగా మంట, పైన మూత. ఆరు నిమిషాలకి ఓసారి తిప్పాలి, ఇంకో ఆరు. బాబూ, గోడ గడియారం దగ్గర కూర్చున్నావు, ఆ పని నీది.

ఈలోపు ఆకు సంగతి. మా అమ్మ చేపల పులుసు ఎప్పుడూ మట్టిదాకలోనే పెట్టేది. సిల్వర్ గిన్నె ముట్టనిచ్చేది కాదు. మనం అల్యూమినియాన్ని సిల్వర్ అంటాం, అంత గౌరవం ఇచ్చాం దానికి! గిన్నె నల్లబడుద్దిరా, పులుసు లోహం రుచి వస్తుంది అనేది. నేను కెమిస్ట్రీ చదివి కూడా ఆ మాట చెవిన పెట్టలేదు. ఓ రోజు మిగిలిన పులుసు స్టీలు గిన్నెలో పోసి, పైన ఫాయిల్ కప్పి ఫ్రిజ్‌లో పెట్టాను. గిన్నె అంచుదాకా ఉంది పులుసు, ఫాయిల్‌కి తగిలింది. మర్నాడు తీసి దీపానికి ఎదురుగా పట్టుకుంటే, రేకు నిండా సూది పొడిచినట్టు చిల్లులు. చుక్కల ఆకాశంలా ఉంది. ఆ చిల్లుల కింద పులుసు మీద బూడిదరంగు మచ్చలు.

ఏమైందంటారా? అల్యూమినియానికి పైన సన్నటి ఆక్సైడు పొర ఉంటుంది, అదే దానికి కవచం. పులుపూ ఉప్పూ కలిసి ఆ పొరని తినేస్తాయి. పైగా ఒక పక్క స్టీలు, ఒక పక్క అల్యూమినియం, మధ్యలో ఉప్పూపులుపూ ఉన్న పులుసు. పిల్లలూ, దాన్నేమంటారు? బ్యాటరీ! ముప్ఫై ఏళ్లు బోర్డు మీద గీసిన బొమ్మని మా ఫ్రిజ్‌లో నేనే తయారుచేశాను. మొత్తం పారబోశాం. మా ఆవిడ ఏమందో ఇక్కడ చెప్పను.

అందుకని పొట్లంలో చింతపండు వద్దు, ఉడికేటప్పుడు నిమ్మరసమూ వద్దు. నిమ్మకాయ తెరిచాక పిండుకోండి. పులుపు కావాలంటే ఆకు లోపల, ముక్కల మీద, రెండు మామిడికాయ బద్దలు పెట్టండి, రేకుకి తగలకుండా. ఆకు అడ్డం ఉంటే నాకు నిశ్చింత. పైగా ఆ వాడిన అరిటాకు వాసన ఉంది చూశారూ, అది ఏ మసాలా డబ్బాలోనూ దొరకదు. నగరంలో ఆకెక్కడ దొరుకుతుంది సార్ అంటారు. పూలకొట్టులో అడగండి. లేకపోతే బేకింగ్ కాగితం.

ఆరు నిమిషాలైందా? తిప్పుతున్నాను. చూడండి, పూరీలా పొంగింది. పొంగిందంటే మడత సరిగ్గా పడిందన్నమాట. ఈ చివరిది పొంగలేదు, ఎక్కడో కారుతోంది. ఇది నేను తింటాను.

ఆ, ఆ అమ్మాయి ఏదో అడుగుతోంది. మైక్రోవేవా? వద్దమ్మా, రేకుతో వద్దు, నిప్పురవ్వలు లేస్తాయి. ఓవెన్ ఉంటే రెండొందల డిగ్రీల్లో పావుగంట. ఇండక్షన్ పొయ్యి మీదైతే పెనం పెట్టి దాని మీద పెట్టాలి, రేకుని నేరుగా పొయ్యి మీద పెట్టకండి, కాలిపోతుంది. ఇడ్లీ పాత్రలో ఆవిరి మీదా పెట్టొచ్చు. కుర్రాళ్లకి అన్నిటికన్నా తేలికైంది చెప్తాను. కరెంటు కుక్కర్లో అన్నం పడేస్తారు కదా. అన్నం కుతకుతలాడ్డం మొదలుపెట్టాక, పైన చిల్లుల పళ్లెం పెట్టి పొట్లం అందులో పెట్టి మూతెయ్యండి. మీట పైకి లేచి, ఇంకో పది నిమిషాలు ఉమ్మగిలేసరికి అన్నమూ, చేపా ఒకేసారి. కడగాల్సింది ఒక్క గిన్నె.

పులసా? ఎవరది? ఎవరో ఒకరు అడుగుతారని నాకు తెలుసు! వరదనీరు తగిలాక సముద్రంలోంచి గోదాట్లోకి ఎదురెక్కి వచ్చే చేప. ధవళేశ్వరం దాకా వస్తుంది, ఆనకట్ట దగ్గర ఆగుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు. అలాంటిదాన్ని ఈ మనిషి రేకులో చుట్టాడా అని కదా మీ అనుమానం? చుట్టానండి. ఒక్క తోక ముక్క. దొంగతనంగా. ఒళ్లంతా ముళ్లే, ఒక్కటీ మెత్తబడలేదు. దాని కొవ్వంతా కరిగి అడుక్కి దిగిపోయింది. పులుసులో అయితే ఆ కొవ్వు పులుసులో కలుస్తుంది, ఒక రాత్రి నిలవుండి మర్నాటికి అమృతమవుతుంది. పులసని మట్టిదాక నుంచి విడదీసే ప్రయత్నం మీరెవరూ చెయ్యకండి. మా ఆవిడకి ఈ సంగతి ఇప్పటిదాకా తెలీదు. ఇప్పుడు తెలిసింది, మూడో వరసలో ఉంది.

టైమైందా? సరే, దించుతున్నాను. రెండు నిమిషాలు ముట్టుకోకండి. తెరిచేటప్పుడు మొహం దగ్గర పెట్టుకోకండి, లోపలున్నది ఆవిరి, చురుక్కుమంటుంది. కత్తెరతో మీకు దూరంగా ఉన్న చివర ముందు కత్తిరించండి. ఇలా.

వాసన వెనక వరస దాకా వచ్చిందా? వచ్చిందిట. ఇప్పుడు ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది? ముక్క మందంగా ఉన్నచోట చెంచా మొనతో ఒత్తండి. ఇదిగో, పొరలుపొరలుగా విడిపోతోంది, తెల్లగా ఉంది, అద్దంలా మెరిసే పచ్చిభాగం లేదు. మధ్యలో ఇంకా అలా మెరుస్తుంటే మళ్లీ మడిచి మూడు నిమిషాలు పెట్టండి. వంట థర్మామీటరు ఉన్నవాళ్లకి ముక్క మధ్యలో అరవైమూడు డిగ్రీలు గుర్తు. అడుగున రసం చూడండి, ఎర్రగా, నాలుగు చెంచాలుంటుంది. అది పారబోశారో, వండిందంతా పారబోసినట్టే. వేడన్నంలో అదే కలుపుకోవాలి.

అన్నం ఎవరో తెచ్చారుగా, ఆ క్యారేజీ ఇటు తెండి. పెద్దవాళ్లకి ముందు. చిన్నచిన్న ముద్దలు, నాలుగు పొట్లాలే ఉన్నాయి, నలభైమంది ఉన్నారు. నిమ్మబద్దలు అటు పంపండి.

ఏంటి, మా ఆవిడ చెయ్యి ఊపుతోంది? విరిగిన చెయ్యే, బాగా అతుక్కుంది, చూశారుగా. ఏమంటోంది? ఉప్పు తగ్గిందా? బాబూ, ఆ ఉప్పు డబ్బా కాస్త మూడో వరసకి అందించు.